ముసలి కుక్కకు సూదిమందు

ఆదోని నుండి ఎమ్మిగనూరు పోవు దారిలో గొఱ్ఱెల మంద ఎదురైనచో, వెనుకనో ప్రక్కనో ఒక కుక్క కనబడుట సామాన్యము. కాపరి తన జొన్నరొట్టెలో ఒక తునక దానికి వేయును. పట్టణములోని ఇండ్లలోను కుక్కలు పెరుగుచున్నవి. మందలోనిదైనను మేడలోనిదైనను, వయసు మీరిన పిదప వచ్చు కష్టములు ఒక్కటే. వెనుక కాళ్లు తడబడును, లేవబోయి కూలబడును. “ముసలిదైనది, ఏమి చేయగలము?” అని ఇంటివారు ఊరకుందురు. ఆ ముసలితనమను మాట చాటున దాగిన వ్యాధులు కొన్ని ఉన్నవి. వాటిలో కొన్నిటికి మందు కూడ ఉన్నది.

మధుమేహము అట్టిది. ఈ సీమ ఎండలలో కుక్క మిక్కిలిగా నీరు త్రాగుట వింత కాదు గనుక, వేసవిలో ఈ గుర్తు ఎవరి కంటను పడదు. మాటిమాటికి త్రాగి, మాటిమాటికి మూత్రము విడిచి, కడుపునిండ తినుచు కూడ చిక్కిపోవుచున్నచో అనుమానింపవలెను. మూత్రమునకు చీమలు పట్టుట మన పూర్వులు ఎరిగిన గుర్తే. ఆ తీపిని బట్టియే వ్యాధికి ఆ పేరు వచ్చినది.

ఈ వ్యాధి విషయమున మనుష్యజాతి కుక్కకు ఋణపడి యున్నది. 1889లో స్ట్రాస్‌బర్గు నగరమున ఫాన్ మెరింగు, మింకోవ్‌స్కీ అను వైద్యులు ఒక కుక్క క్లోమమును తీసివేయగా దాని మూత్రమున చక్కెర కనిపించినది. వ్యాధికి మూలము ఆ అవయవములో ఉన్నదని అంతకుముందు రుజువు కాలేదు. 1921 వేసవిలో టొరాంటోలో బాంటింగు అను శస్త్రవైద్యుడును, బెస్టు అను 22 ఏండ్ల యువకుడును కుక్కల క్లోమమునుండి రసము తీసి, క్లోమము లేని కుక్కలకు ఎక్కించి చూచిరి. మార్జొరీ అను కుక్క ఆ రసముతో సుమారు 70 దినములు జీవించినది. 1922 జనవరిలో లెనార్డు థాంప్సను అను 14 ఏండ్ల బాలునకు అదే మందు, కాలిప్ అను రసాయనజ్ఞుడు శుద్ధి చేసిన పిదప, ప్రాణము పోసినది. 1923లో నోబెల్ బహుమానము బాంటింగుకును, ప్రయోగశాలాధిపతి మక్లౌడుకును వచ్చినది. బెస్టుకు రాలేదు, బాంటింగు తన సొమ్ములో సగము అతనికిచ్చెను. కుక్కల మాట ఎవరును ఎత్తలేదు.

ఆ మందే ఇన్సులిను. మనుష్యులలో కొందరికి పనిచేయు మాత్రలు మధుమేహము వచ్చిన కుక్కలకు పనిచేయవు. సాధారణముగా వాటికి జీవితాంతము సూదియే గతి. ఎంత ఇవ్వవలెనో పశువైద్యుడు రక్తమును పరీక్షించి నిర్ణయించును. ప్రాయికముగా పూటకొకటి చొప్పున దినమునకు రెండు, అన్నము తిన్న వెంటనే. తిండి ఒకే వేళకు, ఒకే పాళముగా ఉండవలెను. పండుగనాడు ఓళిగ తునక పెట్టుట ప్రేమ కాదు.

ఇక్కడ విద్యార్థులకు ఒక లెక్క. మన దేశమున ఇన్సులిను సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండును దొరకును. 40కి ఎఱ్ఱ మూత సూది, 100కు నారింజ మూత సూది. 100 సీసాలోని మందును 40 సూదితో తీసినచో కుక్కకు రెండున్నర రెట్లు పోవును. అప్పుడు చక్కెర పడిపోయి, అది వణకి, తూలి, మూర్ఛిల్లును. విచిత్రమేమనగా ఆ తూలుటయు ముసలి కాళ్ల తూలుట వలెనే కనబడును! వెంటనే చక్కెర పాకమో తేనెయో చిగుళ్లకు రాచి వైద్యుని యొద్దకు పరుగెత్తవలెను.

ఎండ 40 డిగ్రీలు దాటు ఈ ప్రాంతమున మందును కాపాడుటయే ఒక పని. గడ్డకట్టనీయరాదు, వేడెక్కనీయరాదు. కరెంటు పోయిన దినములలో సీసాను మూతగల డబ్బాలో పెట్టి, తడి యిసుకలో నిలిపిన మట్టికుండలో ఉంచవచ్చును.

ఇక కాళ్లు. పిల్లులలో మధుమేహమే వెనుక కాళ్లను క్రుంగదీయును. కుక్కలలో అది అరుదు. కీళ్లో, తుంటియో, వెన్నుపామో కారణము కావచ్చును గనుక వేరుగా పరీక్ష చేయించవలెను. నొప్పికి స్టెరాయిడు సూది వేయించినచో చక్కెర పెరుగును. ఇంటిలోని నొప్పి మాత్రలు కుక్కకు విషమగును. నున్నని నాపరాళ్ల బండలపై కాలు జారును. గోనెపట్టా పరచినచో నిలుచును. గోళ్లు కత్తిరింపవలెను. ఎమ్మిగనూరు మగ్గముల పేరు ఎరుగనివారు లేరు. అక్కడి గట్టి దుప్పటి నొకదానిని మడిచి పొట్టక్రింద వేసి, రెండు కొసలు పట్టి లేపినచో ముసలి కుక్క నాలుగడుగులు వేయగలదు. లేవలేనిదానిని కొన్ని గంటలకొకసారి ప్రక్క మార్చకున్న పుండ్లు పడును.

కుక్కకు ఇంత శ్రమయా అని అడుగువారుందురు. స్వర్గమునకు రథమెక్కుమన్నను కుక్కను విడువనన్న ధర్మరాజు కథ బడిలో చెప్పుదురు గదా. అది ధర్మదేవతయని తెలిసిన తరువాత ఆ కథ సులభము. తెలియకముందు అతడన్న మాటకే విలువ. కూలికి పోవువారు గడియారము చూచి పూటపూట సూది వేయలేరు. వారిని నిందించుట న్యాయము కాదు. నొప్పి తీరనప్పుడు వైద్యుని చేత సుఖముగా ప్రాణము విడిపించుట కూడ దయయే. ఊరిబయట వదలి వచ్చుట మాత్రము దయ కాదు. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టము క్రింద నేరము.

మధుమేహము గల కుక్కలలో పెక్కింటికి కొలది నెలలలోనే కన్నులపై తెల్లపొర వచ్చును. అయినను ఇంటిలోని దారులు వాసన చేత, అలవాటు చేత దానికి తెలియును. నీళ్ల తొట్టిని చోటు మార్చరాదు.