ఇంటి నుండి పని – ఇల్లు, ఉద్యోగం, ఆరోగ్యం

"ఇంట్లోనే కదా ఉంటావు, అలసట ఏమిటి?" ఇంటి నుండి ఆఫీసు పని చేసే స్త్రీలకు తరచుగా ఎదురయ్యే మాట ఇది. మెడనొప్పి, తలనొప్పి, నిద్రలేమి అంటూ వచ్చేవారిని దినచర్య అడిగితే, బాధకు మూలం చాలాసార్లు అందులోనే మాకు కనబడుతుంది.

2020 మార్చి లాక్‌డౌన్‌తో ఎన్నో ఇళ్లలోకి ఆఫీసు వచ్చింది. ప్రయాణ శ్రమ తగ్గింది, పిల్లలు కళ్ల ముందే ఉంటున్నారు. ఇవి మేళ్లే. కాని పనికి మొదలు, ముగింపు లేకుండా పోయాయి. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. సరిగ్గా వంట, పిల్లల చదువు వేళ.

వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35–40 గంటలు పనిచేసేవారికంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తెలిపాయి. దీనికి ఇంటి చాకిరీ తోడైతే శరీరానికి విశ్రాంతి ఎక్కడిది?

ఏం చేయాలి?

1. పని వేళలు కాగితంపై రాసి, అందరికీ కనబడేలా గోడకు అంటించండి. వేళ కాగానే ల్యాప్‌టాప్ మూసేయండి.

2. మంచంపై కూర్చుని పనిచేయకండి. కుర్చీ, బల్ల వాడండి. తెర పైఅంచు కంటి ఎత్తులో ఉండాలి. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. గంటకొకసారి లేచి నడవండి.

3. రాత్రి షిఫ్టు చేసేవారికి పగలు చీకటి గదిలో కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఆ సమయంలో ఇంటివారు వారిని లేపకూడదు.

4. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని రెండు పనులూ చక్కగా చేయడం ఎవరి తరమూ కాదు. భర్త, అత్తమామలు పని పంచుకోవాలి. అది సాయం కాదు, బాధ్యత.

5. దూరంగా ఉన్నవారి కష్టం పై అధికారి కంట పడదు. ప్రమోషన్ చేజారేది ఇక్కడే. చేసిన పనిని వారానికొకసారి రాసి పంపండి. కొత్త బాధ్యతలు అడగండి. కొత్త విషయాలు నేర్చుకోవడానికి వారానికి రెండు గంటలైనా కేటాయించండి.

6. ప్రసూతి సెలవు తర్వాత, పని స్వభావాన్ని బట్టి, యజమానితో ఒప్పందం మేరకు ఇంటి నుండి పనిచేసే వీలును 2017 చట్ట సవరణ కల్పించింది. సెలవుకు ముందే అడిగి తెలుసుకోండి.

చేతుల్లో తిమ్మిరి, రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి ఉంటే వైద్యులను కలవండి. ఛాతీనొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయకండి. ఉద్యోగమైనా, సంసారమైనా, నిలబడాలంటే ముందు మనిషి ఆరోగ్యంగా ఉండాలి.