మధుమేహ పరిశోధనకు కొలబద్ద

చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాసులకు నగర కేంద్ర గ్రంథాలయము చిరపరిచితము. ఉద్యోగ పరీక్షలకై చదువుకొను యువతీయువకులు అచ్చట దినమెల్ల కూర్చుండియుందురు. ఒక గ్రంథమునకు గల ఆదరణ తెలియవలెనన్న, దానిని ఎందరడిగి పుచ్చుకొనిరో చూచినచో చాలును. శాస్త్రలోకమునందును ఇట్టి లెక్క యొకటి కలదు. ఒక వ్యాసమును తరువాతి పరిశోధకులు ఎన్నిమారులు తమ వ్యాసములందు పేర్కొనిరో దానినిబట్టి దాని పలుకుబడిని కొలుతురు. మధుమేహ విషయమున ఈ కొలబద్ద మనకేమి తెలుపుచున్నదో మేమిప్పుడు విన్నవింతుము.

క్లోమమునందు పుట్టు ఇన్సులిన్ అను హార్మోను చాలకపోయినను, శరీరమునందు సరిగా పనిచేయకపోయినను మధుమేహము కలుగును. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు దానిని వేరుచేసిరి. ఆ పని ప్రయోగశాలలో జరిగినది. మన దేశమున విశేషముగా పేర్కొనబడిన పరిశోధనలలో కొన్ని ప్రజల మధ్యకు పోయి చేసిన గణనలు.

అట్టివానిలో నొకటి 2001లో 'డయాబెటోలాజియా' పత్రికయందు వెలువడినది. డాక్టరు ఎ. రామచంద్రన్, వారి సహచరులు ఆరు మహానగరములందు ఇరువదేండ్లు నిండిన 11,216 మందిని పరీక్షించిరి. ముంబయిలో నూటికి 9.3, చెన్నైలో 13.5 మందికి మధుమేహము కానవచ్చెను. హైదరాబాదులో 16.6! ఆరింటిలో ప్రథమస్థానము మనదే. ఇట్టి ప్రథమస్థానము నెవరు కోరుదురు?

తరువాత గణన నగరములు దాటి దేశమంతటికి వ్యాపించెను. 2023లో 'లాన్సెట్' వారి మధుమేహ పత్రికలో ప్రకటితమైన ఐ.సి.ఎం.ఆర్. ఇండియాబ్ అధ్యయనమున 1,13,043 మంది పాల్గొనిరి. వ్యాధి పట్టణములలో నూటికి 16.4, గ్రామములలో 8.9. కాని వ్యాధికి ముందుదశ మాత్రము రెండుచోట్లను నూటికి 15కు పైగానే యున్నది. పల్లెకును రక్షణ లేదని దీని భావము.

అయితే పలుకుబడియే ప్రయోజనము కాదు. పాత వ్యాసమునకు లెక్క పెరుగుటకు వ్యవధి యెక్కువ. ఖండించుటకై పేర్కొన్నను లెక్కలో చేరును. కావున ఆ వ్యాసము రోగికేమి చేసినదని అడుగవలెను.

దీనికి 2006నాటి భారతీయ మధుమేహ నివారణ అధ్యయనము చక్కని సమాధానము. ఇదియు రామచంద్రన్ బృందమువారిదే. ముందుదశయందున్న 531 మందిని వర్గములుగా విభజించిరి. సామాన్యమైన సలహా మాత్రమే పొందినవారిలో మూడేండ్లలో నూటికి 55 మందికి వ్యాధి సోకెను. ఆహారనియమము, చురుకైన నడక అలవరచిన వర్గమున 39 మందికే. మెట్‌ఫార్మిన్ మాత్ర పుచ్చుకొన్నవారి ఫలితమును దాదాపు ఇంతే.

నడకకు వెల లేదు. నారాయణగూడ దుకాణములలో కూర్చుండు వర్తకునకును, గ్రంథాలయమున చదువుకొను విద్యార్థికిని ఇందిరా పార్కు దూరము కాదు. ఏడాదికొకమారు రక్తపరీక్ష చేయించుకొని, నిత్యము అరగంట నడచినచో, పరిశోధకులు వేలమారులు పేర్కొన్న మాట మన యింటను ఒకమారు ఆచరణకు వచ్చినట్లగును. ఆ లెక్కయే మిక్కిలి విలువైనది.