లక్క ముద్ర పోయె.. మీట నొక్కుడు వచ్చె!

తపాలాశాఖ కొనుగోళ్లలో మన నాపరాయికి చోటుందా?

కొలిమిగుండ్ల: బెలుం గుహలు చూడవచ్చే యాత్రికులకు ఈ మండలమంటే గుహలే గుర్తు. ఇక్కడివారికి మాత్రం భూమిలోని సున్నపురాయి బతుకుదెరువు. నాపరాళ్లు కోసి, పాలిష్ పట్టి అమ్ముకునే కుటుంబాలు చుట్టుపక్కల ఎన్నో. వీరి సరుకు సర్కారు కొంటుందా? కొంటుంది. కాకపోతే కవరు పట్టుకుని ఆఫీసు వరండాలో నిలబడే పద్ధతి ఇప్పుడు లేదు.

తపాలాశాఖనే తీసుకుందాం. దేశంలో 1.64 లక్షలకు పైగా పోస్టాఫీసులుంటే, పదింట తొమ్మిది పల్లెల్లోనివే. సంచులు, తూకం యంత్రాలు, ఫారాలు, బల్లలు, కంప్యూటర్లు, భవనాల మరమ్మతులు.. వారికి ఏం కావాలో చెప్పడం కన్నా ఏం అక్కర్లేదో చెప్పడం తేలిక.

టెండరు పెట్టె చుట్టూ జరిగే తంతు తెలియని గుత్తేదారు ఉండడు. షెడ్యూలు ఎవరు కొన్నదీ ముందే పొక్కేది. రింగు కట్టేవారు. కాదన్నవాణ్ణి పెట్టె దాకా రానిచ్చేవారు కాదు. ఈ బెడద తప్పించాలనే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2003లో కంప్యూటరు టెండర్లకు శ్రీకారం చుట్టింది. కేంద్రం 2016 ఆగస్టులో 'జెమ్' అనే సర్కారీ అంగడి తెరిచింది. అందులో దొరికే సరుకును అందులోనే కొనాలని 2017 ఆర్థిక నియమావళి 149వ నిబంధన కేంద్ర శాఖలన్నిటికీ చెప్పింది. తపాలాశాఖ కూడా కేంద్ర శాఖే.

ఈ అంగడిలో అమ్మేవారు పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలతో పేరు నమోదు చేసుకోవాలి. గడువు ముగిశాక మొదట అర్హతలు, తర్వాత ధరలు తెరుస్తారు. కొన్నిటికి వేలం కూడా ఉంటుంది. యార్డులో శనగల పాటకు ఇది తలకిందులు. ధర పైకి పోదు, కిందికి దిగుతుంది! పంతానికి పోయి దిగినవాడు లోడెత్తాక లారీ కిరాయి చూసుకుని లబోదిబోమనాల్సిందే. ధరలోనే రవాణా కూడా కలిసి ఉంటుందని మరువరాదు.

చిన్నవారికి కొంత అండ ఉంది. కేంద్ర సంస్థల కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే జరగాలి. అందులో ఎస్సీ, ఎస్టీలకు 4 శాతం, మహిళలకు 3 శాతం. ధరావతు మినహాయింపు ఉంది. కనిష్ఠ ధరకన్నా 15 శాతం లోపు ఎక్కువ వేసినా, ఆ కనిష్ఠ ధరకే ఒప్పుకుంటే కొంత సరుకు ఇవ్వవచ్చు. ఇందుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కావాలి. అది ఉచితం. అయితే ఇదంతా తయారుచేసేవారికే. కొని అమ్మే వ్యాపారికి వర్తించదు.

చిక్కు మరోచోట ఉంది. పది ఊళ్ల అవసరాన్ని ఒకే మూటగా కట్టి టెండరు పిలిస్తే, ఇంత టర్నోవరు, ఇన్నేళ్ల అనుభవం అని షరతు పెడితే, రెండు పాలిష్ యంత్రాల యజమాని గడప దగ్గరే ఆగిపోతాడు. రింగు పోవడం మంచిదే. ఆ మూటలు చిన్నవి చేయవలసింది అధికారులే.

కంప్యూటరు లేనివారు కామన్ సర్వీసు సెంటరులో సాయం అడగవచ్చు. నమోదు మీ ఫోన్ నంబరుతోనే చేయించుకోండి. పాస్‌వర్డు, ఓటీపీ ఇతరుల చేతికి ఇస్తే దుకాణం తాళాలు ఇచ్చినట్టే. సరుకు దించాక అధికారి కంప్యూటరులో అంగీకార పత్రం ఇవ్వాలి. నిబంధన ప్రకారం అప్పటినుంచి పది రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలి. కాబట్టి ఆ పత్రం మీది తేదీ రాసిపెట్టుకోండి.