కొత్తవలస నుంచి కొండల మీదికి

హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గంలో విజయనగరం, విశాఖపట్నం మధ్య ఉన్న కొత్తవలస జంక్షన్ దగ్గర ఒక లైను కొండల వైపు చీలుతుంది. అదే కొత్తవలస–కిరండూల్ మార్గం, జనం నోట కె.కె. లైను. ఒకరు విజయనగరం నుంచి, ఇంకొకరు విశాఖ నుంచి వచ్చి కలిసి అరకు వెళ్లాలనుకునే స్నేహితులకు ఇది అనువైన చోటు.

ఈ రైలు గానీ, దారి పొడవునా ఉన్న జలాశయాలు గానీ యాత్రికుల కోసం కట్టినవి కావు. బస్తరులోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో ఈ లైను వేశారు. నాలుగు వందల కిలోమీటర్లు దాటిన ఈ మార్గంలో యాభైకి పైగా సొరంగాలున్నాయి. ఖనిజం బండికి దారి ఇస్తూ ప్రయాణికుల బండి ఆగిపోవడం ఇక్కడ మామూలే. కబుర్లకు తోడుంటే ఆ ఆలస్యం బాధించదు.

ఎస్.కోట, బొడ్డవర వరకు మైదానమే. శివలింగపురం నుంచి ఎక్కుడు మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు దాటి శిమిలిగూడ చేరేసరికి బండి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదన్న పేరు చాలా కాలం శిమిలిగూడదే. కాశ్మీరులో రైళ్లు నడిచాక అది పోయింది. 2017లో ఈ మార్గంలోకి అద్దాల పైకప్పు పెట్టె వచ్చింది. అయితే కిటికీ తెరిచి చలిగాలి తగిలించుకోవాలంటే మామూలు పెట్టే నయం.

ఇక్కడి పెద్ద సరస్సులన్నీ ఆనకట్టల వెనుక నిలిచిన నీళ్లే. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా సున్నపురాతి గుహల గుండా పారి, దిగువన తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విజయనగరం పొలాలకూ, విశాఖ కుళాయిలకూ వెళ్తాయి. అరకుకు ఆవలి వైపు కథ వేరు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో జలాపుట్ దగ్గర ఆపిన మాచ్‌ఖండ్ నీటితో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. ఆ నీళ్లు సీలేరుగా, శబరిగా మారి గోదావరి చేరతాయి. ఇరుగుపొరుగు కొండల మీద కురిసిన వానే ఒకటి దగ్గర దారిన, ఇంకొకటి ఇంత చుట్టు తిరిగి సముద్రాన్ని చేరుతుంది.

చాలామంది అరకులోనే దిగిపోతారు. సెలవు దొరికితే అదే బండిలో ఒడిశాలోని కొరాపుట్ దాకా వెళ్లడం మంచిది. ఆ ఊరి దగ్గరే కొలాబ్ జలాశయం ఉంది. కొరాపుట్, జైపూర్ 1936 దాకా విశాఖపట్నం జిల్లాలోవే కాబట్టి అక్కడి బజార్లలో ఇప్పటికీ తెలుగు నడుస్తుంది.

రైల్లో ఎక్కి, అనంతగిరి ఘాట్ రోడ్డు మీదుగా బస్సులో ఎస్.కోటకు దిగితే రెండు దారులూ చూసినట్టవుతుంది. బొర్రా స్టేషను నుంచి గుహలకు, అరకు నుంచి చాపరాయి జలపాతానికి ఆటో మాట్లాడుకోవాలంటే ఇద్దరైతే ఖర్చు సగమవుతుంది. వలిసె పూలు పొలాలను పచ్చగా కప్పేది నవంబరు, డిసెంబరు నెలల్లో. ఆ రోజుల్లో శని, ఆదివారాలు మాత్రం వద్దు. గది దొరకదు, రోడ్డు కదలదు. మంగళవారమో బుధవారమో చూసుకుని బయలుదేరండి.