చేపకు రేవు కలదు, మనిషికి లేదు

ఇండోనేషియాలో, మలుకు ప్రాంతమునకు చెందిన ఆరూ ద్వీపములందు బెంజినా అను చిన్న రేవు కలదు. అచ్చట పారిపోదురను అనుమానముచే మనుష్యులను ఇనుపబోనులో బంధించియుంచిరనియు, పడవలపై వారిని విషపుముల్లు గల చేపల తోకలతో కొట్టుచుండిరనియు, చచ్చినవారిని తమవి కాని పేళ్లతో పూడ్చుచుండిరనియు అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ 2015 మార్చిలో ప్రకటించువరకు లోకమెరుగదు.

చిక్కుపడినవారిలో అధికులు బర్మావారు. కంబోడియా, లావోస్, థాయిలాండ్ దేశముల నిరుపేదలును గలరు. కొలువిప్పింతుమని నమ్మబలికిన దళారులు వారిని పడవలకు అమ్మివేసి, థాయి పేళ్లతో దొంగ నావికపత్రములు చేతబెట్టిరి. మరణించినవాని సమాధిపై వ్రాయబడునదియు నా దొంగపేరే. బెంజినా శ్మశానమున అట్టి గురుతులు 60కి పైగా కలవు. కన్నతల్లియే వెదకుకొనుచు వచ్చినను, తన బిడ్డ యెచ్చట నున్నాడో ఆమె కెవ్వరు చెప్పవలెను?

నా మట్టుకు ఆ బోనుకంటె దారుణముగా తోచునది శీతలనౌకల యేర్పాటు. మరపడవ వలదీసి నిండిన పిమ్మట రేవునకు రానక్కరలేదు. పెద్దయోడ తానే నడిసముద్రమునకు వచ్చి, చేపలను గైకొని, తిండియు చమురును దింపి పోవును. ఈ మార్పిడి సాగినంతకాలము కలాసీకి నేలపై కాలుమోపు తరుణమే రాదు, సరంగునకు కావలివానితో పనియే లేదు. చేప కొలది వారములలో థాయిలాండ్ చేరును. వీరిలో 1993లో పనికై బర్మా విడిచిన యొకడు తల్లిని మరల చూచుటకు మాత్రము 22 ఏండ్లు పట్టెను.

అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు, నలుగురును స్త్రీలే, ఆ చేపనే వెంబడించిరి. దానిని మోసుకొనిపోవు ఓడ గమనమును ఉపగ్రహ సంకేతములతో కనిపెట్టి, థాయిలాండ్‌లోని సముత్ సాఖోన్ రేవున కాచుకొని, అచ్చటినుండి బయలుదేరిన లారీల వెంట రాత్రులయందు తిరిగి, ఆ సరకు అమెరికా అంగళ్లకు చేరు తోవను తేటపరచిరి. అంతయు చేతికందినను, తమతో మాటలాడిన అభాగ్యులు సురక్షిత స్థలమునకు చేరువరకు అచ్చువేయక నిలిపిరి. ముందుగా ప్రకటింపవలెనను ఆత్రము పత్రికలవారి పుట్టువ్యాధి గదా, 2016లో లభించిన పులిట్జర్ బహుమతికంటె ఈ నిగ్రహమే నాకు గొప్పగా తోచును.

2015 ఏప్రిల్ నెలలో ఇండోనేషియా అధికారులు బెంజినాకు వచ్చి, ఇండ్లకు పోగోరువారు తమతో రావచ్చుననినంతనే, ఆ మనుష్యులు పడవల కమ్మీలు దాటి, కిటికీలగుండ దూకి, ఉన్న నాలుగు గుడ్డలను ప్లాస్టిక్ సంచులలో కుక్కుకొని పరుగెత్తివచ్చిరి. ఆ దినమున కదలినవారు 300కు పైచిలుకు. ఆ యేడాదిలో విముక్తులైనవారు 2,000కు పైబడినారు. 2016లో ఇండోనేషియాలోని తువాల్ న్యాయస్థానము ఐదుగురు థాయి సరంగులకును, ముగ్గురు ఇండోనేషియా వారికిని తలకు మూడేండ్ల కారాగారము విధించెను. నేరమునకు ఈ శిక్ష చాలదు.

ఇట్టి దుస్థితి రాకుండ, చేపలు పట్టు కార్మికులకు వ్రాతపూర్వకమైన పని ఒప్పందము, విశ్రాంతివేళలు, ఇంటికి చేర్చు బాధ్యత, వీనిని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన 188వ ఒడంబడిక విధించుచున్నది. థాయిలాండ్ 2019లో దాని నామోదించెను. ఇట్టి రక్షణ మనవారికిని కావలసినదే: 2020 లాక్‌డౌన్‌లో మన శ్రీకాకుళపు మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవున వారముల తరబడి పడవలలోనే పడియుండిరి. వారి దేశమైన భారతదేశము మాత్రము ఆ ఒడంబడికను నేటికిని ఆమోదింపలేదు.