యుద్ధపూర్వం: ఏ యుద్ధానికి ముందు?

పిల్లలూ, నేను అమెరికాకి వచ్చిన కొత్తలో జార్జియాలో ఒక పాత ఇంటి ముందు బోర్డు మీద ‘యాంటిబెల్లం’ అన్న మాట చూశాను. నాకైతే ముందు మన బెల్లమే గుర్తొచ్చింది! బెల్లం గిట్టనివాళ్ళ ఇల్లేమో అని నవ్వుకున్నాను.

అది లాటిన్ నుంచి వచ్చిన మాట. ‘యాంటె’ అంటే ముందు, ‘బెల్లం’ అంటే యుద్ధం. మీరు రోజూ గడియారంలో చూసే ఏ.ఎమ్.లోని ‘ఏ’ కూడా ఈ ‘యాంటె’యే. మధ్యాహ్నానికి ముందు అని దాని అర్థం. దాన్ని మనం పూర్వాహ్నం అంటాం. అలాగే యాంటిబెల్లంని తెలుగులో ‘యుద్ధపూర్వ’ అని రాయొచ్చు: యుద్ధపూర్వ కాలం, యుద్ధపూర్వ భవనం. ఇంట్లో మాట్లాడేటప్పుడు ‘యుద్ధానికి ముందు’ అంటే చాలు.

ఒక చిన్న చిక్కుంది. ‘పూర్వ’ చివర వస్తే ‘దానికి ముందు’ అని అర్థం: క్రీస్తుపూర్వం. మొదట వస్తే ‘ఇదివరకటి’ అని: పూర్వ విద్యార్థి. ‘హృదయపూర్వకంగా’ అన్నది చూసి గుండెకి ముందు అనుకునేరు! అది ‘మనసారా’ అని.

అమెరికాలో ఈ మాట అంటే 1861 నుంచి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధానికి ముందు కాలం, ముఖ్యంగా దక్షిణ రాష్ట్రాల్లో. ఆ ఇంట్లో మాకు తెల్లటి స్తంభాలు, పెద్ద భోజనాల బల్ల చూపించారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, “అమ్మా, ఇంతమందికి వంట ఎవరు చేసేవాళ్ళు?” అని అడిగింది. 1860 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో సుమారు 40 లక్షల మంది బానిసత్వంలో ఉన్నారు. వంట చేసిందీ, పత్తి తీసిందీ వాళ్ళే. అందుకే ఈ మాటని ‘అందమైన పాతకాలం’ అన్నట్టు వాడితే చాలామందికి బాధ కలుగుతుంది. ఈ మాట పేరులో ఉన్న ‘లేడీ యాంటిబెల్లం’ అనే సంగీత బృందం 2020లో తన పేరుని ‘లేడీ ఏ’గా మార్చుకుంది.

మరి విశాఖపట్నంలో పెద్దవాళ్ళు ‘యుద్ధానికి ముందు’ అంటే? అది రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ యేడే బర్మా నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు అన్నీ వదిలేసి, కొందరు కాలినడకనే, తిరిగొచ్చాయి. వాళ్ళకి ‘యుద్ధానికి ముందు’ అంటే రంగూన్‌లో వదిలొచ్చిన ఇల్లు.

కాబట్టి మీరు రాసేటప్పుడు ఏ యుద్ధమో కూడా రాయండి.

మీ వంతు: ఈ వారం ఫోన్లో అమ్మమ్మనో తాతయ్యనో “మీ ఇంట్లో పెద్దవాళ్ళు యుద్ధం గురించి ఏమైనా చెప్పేవారా?” అని అడగండి. వాళ్ళు చెప్పింది ‘యుద్ధానికి ముందు’ అని మొదలుపెట్టి మూడు వాక్యాల్లో రాయండి.