తోట రైతుకు ఎంత ట్రాక్టర్ కావాలి?

ట్రాక్టర్ కొంటున్నానని చెప్పగానే ఊళ్లో ఎవరైనా వేసే మొదటి ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ?" అనే. షోరూమ్‌లో బేరం కూడా ఆ అంకెతోనే మొదలవుతుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, తెలంగాణలో ఒక హెక్టారు. ఆ సగటుకు నాలుగైదింతలు, అంటే పది పన్నెండు ఎకరాలున్న రైతును తీసుకుందాం. ఆరేడు ఎకరాల్లో బత్తాయి, మూడు నాలుగు ఎకరాల మెట్ట, బోరు కింద కాస్త వరి. నల్లగొండ, అనంతపురం ప్రాంతాలకు ఇది కొత్త సేద్యమేమీ కాదు. ఈ రైతు 50 హెచ్‌పీ బండి తెచ్చుకుంటే అప్పు పెరుగుతుందన్నది అందరికీ తెలిసిందే. నేలకూ చెట్టు వేరుకూ జరిగే నష్టం మాత్రం వాయిదాల పుస్తకంలో కనిపించదు. వెనక తగిలించే పనిముట్టు, చక్రం కింది నేల, పక్కనున్న చెట్టు, ఈ మూడూ తేలాకే హెచ్‌పీ మాట ఎత్తాలని నా గట్టి నమ్మకం.

ఒక హెచ్‌పీ అంటే సుమారు 746 వాట్లు. బానెట్ మీద రాసి ఉండేది ఇంజిన్ సామర్థ్యం. అందులో వెనక రోటవేటర్ లాంటి పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్ట్ దాకా చేరేది సాధారణంగా 85 నుంచి 90 శాతం. గొర్రునో నాగలినో లాగేటప్పుడు పీటీవోతో పని లేదు, బలమంతా టైరు ద్వారా నేలకు చేరాలి. వదులు మట్టిలో టైరు జారుతుంది, కూరుకుంటుంది. అలా ఇంజిన్ సామర్థ్యంలో దాదాపు సగం దారిలోనే పోతుంది. ఒక గొర్రును లాగడానికి 600 కిలోల లాగుడు కావాలనుకుందాం. గంటకు 4.5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే కొక్కెం దగ్గర కావలసింది పది హెచ్‌పీ. దారిలో పోయేది కలుపుకుంటే ఇంజిన్ దగ్గర 18 నుంచి 20. మెట్ట దుక్కికి 50 హెచ్‌పీ ఉండి తీరాలన్న మాట ఈ లెక్క ముందు నిలవదు.

లాగుడు బలాన్ని చివరికి తేల్చేది చక్రం మీద పడే బరువు. దున్నిన నేలలో ట్రాక్టర్ తన చోదక చక్రాల మీదున్న బరువులో ఇంచుమించు సగానికి మించి లాగలేదు. ఇంజిన్ ఎంత పెద్దదైనా టైరు గిర్రున తిరుగుతుందే తప్ప గొర్రు ముందుకు రాదు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. ముందు చక్రాల మీది బరువు కూడా లాగుడుకు పనికొస్తుంది కాబట్టి, తేలికైన బండి తన బరువుకు మించిన పని చేస్తుంది. తోట రైతుకు నేను దీన్నే సూచిస్తాను. తారు రోడ్డెక్కినప్పుడు మాత్రం ఫోర్ వీల్ డ్రైవ్‌ను ఆపేయాలి, లేకపోతే ముందు టైర్లు త్వరగా అరిగిపోతాయి.

టైరు ఎంత జారుతోందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. వెనక టైరు పక్కన సుద్దముక్కతో ఒక గీత గీయాలి. గొర్రును పైకెత్తి, దున్నబోయే చేలోనే చక్రం సరిగ్గా పది చుట్లు తిరిగేదాకా నడిపి ఆ దూరం కొలవాలి. తర్వాత గొర్రు దించి, పని చేస్తూ మళ్లీ పది చుట్లు నడపాలి. మొదటిసారి 36 మీటర్లు వచ్చి రెండోసారి 31 వస్తే తేడా 5 మీటర్లు, అంటే జారుడు 14 శాతం. 10 నుంచి 15 శాతం దాకా ఫరవాలేదు. పాతిక దాటిందంటే డీజిల్, టైరు రెండూ మట్టిపాలవుతున్నట్టే. గొర్రు లోతు తగ్గించాలి, లేదా చక్రం మీద బరువు పెంచాలి. బండి మార్చే ఆలోచన వీటి తర్వాతే రావాలి.

ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ 1920లలోనే ఈ సమస్యకు పరిష్కారం కనిపెట్టాడు. పనిముట్టును మూడు చోట్ల పట్టి ఉంచే లింకులు, లాగుడు భారాన్ని బట్టి దాన్ని తనంతట తానే ఎత్తి దించే హైడ్రాలిక్ ఆయన పేటెంట్లు. నేల ప్రతిఘటన చక్రాల మీద బరువుగా మారి పట్టు పెంచుతుంది. 1939లో హెన్రీ ఫోర్డ్‌తో కలిసి తెచ్చిన ఫోర్డ్ 9ఎన్ టన్నుకు కాస్త పైబడిన బరువుతోనే రెండు నాగళ్లు లాగింది. ఇవాళ మన ట్రాక్టర్లన్నిటి వెనకా ఉన్నవి ఆ మూడు లింకులే. సీటు పక్కన రెండు లివర్లుంటాయి. ఒకటి పనిముట్టును ఒకే ఎత్తులో నిలబెడుతుంది, రెండోది లాగుడు భారాన్ని బట్టి సర్దుతుంది. దుక్కి దున్నేటప్పుడు కూడా మొదటి లివర్‌తోనే సరిపెట్టే డ్రైవర్లు చాలామంది. ఆ రెండో లివర్ సంగతి డెలివరీ రోజునే అడిగి నేర్చుకోవాలి.

రోటవేటర్‌ది వేరే పద్ధతి. దాని బ్లేళ్లు తిరిగే దిక్కు చక్రాలు తిరిగే దిక్కే కాబట్టి అది ట్రాక్టర్‌ను వెనక్కి లాగదు, పైగా కాస్త ముందుకు నెడుతుంది. సామర్థ్యం టైరుతో నిమిత్తం లేకుండా పీటీవో నుంచే నేరుగా అందుతుంది. అందుకే తేలికైన బండి కూడా రోటవేటర్‌తో బాగా పని చేస్తుంది. నాలుగడుగుల రోటవేటర్‌కు 25 నుంచి 30 హెచ్‌పీ, అయిదడుగులకు 35 నుంచి 40, ఆరడుగులకు 45 పైన, ఇది వాడుకలో ఉన్న లెక్క. తోటలో ఆరడుగుల రోటవేటర్ ఎక్కడ పట్టుతుందన్నది అసలు ప్రశ్న.

బత్తాయిని సాధారణంగా ఆరు మీటర్ల ఎడంతో నాటుతారు, ఎకరానికి 110 చెట్లు. కాపుకొచ్చిన చెట్టు గుబురు నాలుగు, నాలుగున్నర మీటర్లకు విస్తరిస్తే సాళ్ల మధ్య మిగిలేది రెండు మీటర్లలోపే. 50 హెచ్‌పీ ట్రాక్టర్ వెడల్పే 1.7 మీటర్లకు పైన ఉంటుంది. అటూ ఇటూ కొమ్మలు విరుగుతాయి, పిందె రాలుతుంది. తోటల కోసం చేసిన సన్నబండ్లు మీటరుంపావు వెడల్పులోపు వస్తున్నాయి. నూజివీడు వైపు పాత మామిడి తోటల్లో పది మీటర్ల ఎడం ఉంటుంది కాబట్టి వెడల్పు సమస్య రాదు, అక్కడ ఎత్తు చూసుకోవాలి. కిందికి వాలిన కొమ్మల కింద నిలువు సైలెన్సర్ ఉన్న బండి దూరదు. సైలెన్సర్ కిందికి వంచి ఉన్నది, సీటు తక్కువ ఎత్తులో ఉన్నది అడిగి తీసుకోవాలి.

కొమ్మ విరిగితే కంటికి కనిపిస్తుంది. వేరు తెగితే, నేల గట్టిపడితే కనిపించదు, అందుకే దీని గురించి ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. బత్తాయికి తిండి అందించే పీచు వేళ్లు చాలావరకు పై రెండడుగుల మట్టిలోనే, గుబురు అంచు దాకా పరుచుకుని ఉంటాయి. అక్కడ లోతుగా దున్నితే తెగిన వేళ్ల గాయాల గుండా కుళ్లు తెగుళ్ల శిలీంధ్రాలు చొరబడతాయి. మూడు నాలుగు అంగుళాలకు మించకుండా పైపైన కలుపు తిప్పితే చాలు, ఆ పనికి పెద్ద బండి అవసరమే లేదు. ఇక బరువు సంగతి. టైరు కింద పైపొర మీద పడే ఒత్తిడి ఇంచుమించు టైరులోని గాలి ఒత్తిడంత ఉంటుంది. అడుగు పొరలను గట్టిపరిచేది మాత్రం ఇరుసు మీది మొత్తం బరువు. టైరు వెడల్పు చేసినా ఆ లోతు నష్టం పూర్తిగా తప్పదు. నేల పదును మించి తడిగా ఉన్నప్పుడు పెద్ద బండి దిగితే, ఒక్కసారి తిరిగినా చాలు, మట్టి రంధ్రాలు మూసుకుంటాయి. గాలి, నీరు దిగవు. ఏకవార్షిక పంటలో మరుసటి వేసవిలో లోతు దుక్కితో సరిచేసుకోవచ్చు. ఇరవై ఏళ్లు నిలబడే చెట్ల మధ్య ఆ అవకాశం లేదు. నల్లరేగడిలో తోట ఉన్న రైతు బండి బరువును ధరతో సమానంగా చూసుకోవాలని నేను పట్టుబట్టి చెబుతాను.

అయితే మరీ చిన్నది కూడా ముప్పే. దీనికి మందు కొట్టే పని మంచి ఉదాహరణ. 400 లీటర్ల ట్యాంకున్న స్ప్రేయర్ నిండితే మొత్తం 550 కిలోలు ఉంటుందనుకుందాం. దాని భారకేంద్రం వెనక ఇరుసుకు 1.3 మీటర్ల వెనక వేలాడుతుంది. ముందు వెనక ఇరుసుల మధ్య 1.5 మీటర్లున్న చిన్న ట్రాక్టర్‌కు తగిలిస్తే ముందు చక్రాల మీద 477 కిలోల బరువు తగ్గిపోతుంది. 900 కిలోల బండికి ముందు ఇరుసు మీద ఉండేదే 360 కిలోలు. అంటే ట్యాంకు ఎత్తగానే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. 1,400 కిలోల ఫోర్ వీల్ డ్రైవ్ బండికైతే ముందు 630 కిలోలుండి, ఇరుసుల మధ్య 1.6 మీటర్లుంటే, ఎత్తాక ఇంకా 183 మిగులుతుంది. స్టీరింగ్ మాట వినాలంటే బండి బరువులో కనీసం 20 శాతం, ఇక్కడ 280 కిలోలు, ముందు ఇరుసు మీద ఉండాలన్నది భద్రతా సూత్రం. తక్కువైన వంద కిలోలకు ముందు బంపర్‌కు వెయిట్లు బిగించుకోవాలి. లిఫ్ట్ ఇన్ని కిలోలు ఎత్తుతుందని కంపెనీ ఇచ్చే అంకె ఒక్కటీ చూస్తే ఈ ప్రమాదం తెలియదు. చిన్న బండి ఇప్పటికే ఉన్నవాళ్లు చక్రాల మీద వెనక లాక్కెళ్లే స్ప్రేయర్ తీసుకోవడం మంచిది.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే మన పన్నెండెకరాల రైతుకు 28 నుంచి 35 హెచ్‌పీ మధ్య, వెడల్పు తక్కువైన, ఫోర్ వీల్ డ్రైవ్ బండి సరిపోతుంది. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించి 1974లో మార్కెట్‌కు వచ్చిన మన స్వదేశీ ట్రాక్టర్ స్వరాజ్ 724 కూడా పాతిక హెచ్‌పీ తరగతిదే. వరి దమ్ము, మూడేళ్లకోసారి లోతు దుక్కి, ఇటుకలూ ఇసుకా తోలడం, వీటికి పెద్ద బండి కావాలి, నిజమే. ఆ కొద్ది రోజులకు అద్దెకు పిలుచుకోవచ్చు. ట్రాక్టర్ గిట్టుబాటుకు ఏడాదికి 1,000 గంటల పని ఉండాలన్నది బ్యాంకులు చాలాకాలంగా వాడే కొలమానం. పన్నెండెకరాల సొంత పని ఎంత లెక్కేసినా 300 గంటలు దాటడం కష్టం. మిగతా గంటలు బయటి పనితో నిండకపోతే వాయిదా భారం తోట మీదే పడుతుంది.

కంపెనీ అంకెలను సరిచూసుకోవడానికి దారి ఉంది. అమెరికాలోని నెబ్రాస్కాలో రైతూ శాసనసభ్యుడూ అయిన విల్మాట్ క్రోజియర్, తాను కొన్న ట్రాక్టర్లు చెప్పినంత పని చేయకపోవడంతో, పరీక్ష నెగ్గని ట్రాక్టర్ రాష్ట్రంలో అమ్మకూడదంటూ 1919లో చట్టం తెచ్చాడు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని బుద్నీ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలిస్తుంది. డీలరును ఆ నివేదిక అడగడం రైతు హక్కు. అందులో ముందు చూడాల్సింది పీటీవో దగ్గర వచ్చిన గరిష్ఠ సామర్థ్యం, ఒక యూనిట్ పనికి కాలిన డీజిల్, బరువు పడి ఇంజిన్ వేగం తగ్గుతున్నప్పుడు టార్క్ ఎంత శాతం పెరిగిందన్నది. ఈ చివరిది ఎక్కువున్న ఇంజిన్ గట్టి నేల తగిలినా ఆగిపోకుండా లాక్కొస్తుంది. ఒకే హెచ్‌పీ రాసి ఉన్న రెండు బండ్లకు తేడా ఇక్కడ బయటపడుతుంది. విప్పి చూసిన తర్వాత భాగాల అరుగుదల ఎంతో కూడా రాస్తారు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్న దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థలో రైతులకు శిక్షణ కూడా ఇస్తారు. కొనకముందే ఇంట్లో బండి నడిపేవాళ్లను అక్కడికి పంపితే మేలు.

బండి ఇంటికొచ్చిన రోజు ఒక్కటి తప్పకుండా చూసుకోవాలి. పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. షాఫ్ట్ వ్యాసం 35 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 11 సెంటీమీటర్లు. లుంగీ అంచో, తలపాగా కొసో, చీర చెంగో దానికి చిక్కితే సెకనుకు దాదాపు మీటరు గుడ్డ చుట్టుకుపోతుంది. మనిషి తేరుకుని చెయ్యి వెనక్కి తీసేలోపే ఒళ్లు దాని మీదికి వెళ్లిపోతుంది. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు, ట్రాక్టర్ వైపు ఇనుప కవచం రెండూ ఉన్నాయో లేదో చూడాలి. గ్రీజు పెట్టడానికి అడ్డమని మెకానిక్ తీసేస్తానన్నా ఒప్పుకోకూడదు. ఇంజిన్ ఆపి తాళం జేబులో వేసుకున్నాకే రోటవేటర్‌లో ఇరుక్కున్న గడ్డిని లాగాలి.